కార్క్‌లోని గాలిని కాపాడుకోగలిగితేనే

కార్క్ ఓక్ చెట్టు బెరడు ఒలిచినా చెట్టు బతికే ఉంటుంది. లోపలి పొరకు గొడ్డలి తగలకుండా తీస్తే కొత్త బెరడు మళ్లీ పెరుగుతుంది. ఆ బెరడే కార్క్. ప్రపంచంలో దొరికే కార్క్‌లో దాదాపు సగం పోర్చుగల్‌దే. ఒకసారి ఒలిచాక కనీసం 9 ఏళ్లు ఆ చెట్టు జోలికి వెళ్లకూడదని అక్కడి చట్టం. ఏ ఏడు ఒలిచారో తెలియడానికి ఆ సంవత్సరం చివరి అంకెను కాండం మీద రంగుతో రాస్తారు.

ఇంత ఓపికగా పెంచిన బెరడులో సీసా బిరడాలుగా మారేది కొంతే. మిగిలిన రవ్వను జిగురుతో అతికించి పలకలు చేస్తారు. మరీ సన్నని పొడి చాలావరకు బాయిలర్లలో ఇంధనమైపోతుంది. దాన్ని కాల్చేసే బదులు ప్లాస్టిక్‌లో కలిపి వస్తువులు చేయొచ్చు కదా అన్నదే కార్క్-ప్లాస్టిక్ కాంపోజిట్ల, అంటే ఈ రెండూ కలిసిన మిశ్రమ పదార్థాల, వెనకున్న ఆలోచన. నాకు చాలా నచ్చిన ఆలోచన ఇది. అయితే ఇందులో ఒక చిక్కుంది.

1665లో శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శిని కింద చూసి 'సెల్' అని పేరు పెట్టిన చిన్న గదులు కార్క్‌లోవే. ఒక్క ఘన సెంటీమీటర్‌లో అలాంటివి సుమారు 4 కోట్లుంటాయి. వాటి నిండా ఉన్నది గాలే. గోడల్లో సుబెరిన్ అనే మైనం లాంటి పదార్థం ఉండటంతో నీరు అంత తేలిగ్గా లోపలికి పోదు. తేలికదనం, వేడిని ఆపడం, అదురును మింగడం, ఇవన్నీ ఆ గదుల పుణ్యమే.

ఇప్పుడు ఆ కార్క్ పొడిని కరిగిన పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో కలిపి, ఇంజెక్షన్ మోల్డింగ్ యంత్రంలో విపరీతమైన ఒత్తిడితో అచ్చులోకి నెడతారు. గదులు నలిగిపోతాయి, గాలి పోతుంది, మిగిలేది గోడలే. పాలీప్రొపిలీన్ సాంద్రత ఘన సెంటీమీటర్‌కు సుమారు 0.9 గ్రాములు. కార్క్ కణాల గోడలది దాదాపు 1.2. అంటే వస్తువు తేలికవ్వాలని కార్క్ కలిపితే, అది కాస్తా బరువెక్కే ప్రమాదం ఉంది! అందుకే పదార్థాన్ని అచ్చులో పెట్టి తక్కువ ఒత్తిడితో నొక్కే కంప్రెషన్ మోల్డింగ్ లాంటి పద్ధతులు దీనికి ఎక్కువ నప్పుతాయి. వేడి విషయంలోనూ జాగ్రత్త తప్పదు. 200 డిగ్రీల సెల్సియస్ దాటితే కార్క్ రంగు మారుతుంది, క్రమంగా పాడవుతుంది.

ప్లాస్టిక్, కార్క్ వాటంతట అవి గట్టిగా అతుక్కోవు. మాలెయిక్ అన్‌హైడ్రైడ్ అనే రసాయనం జోడించిన ప్లాస్టిక్‌ను కొద్దిగా కలిపితే పట్టు పెరుగుతుంది. అయినా కార్క్ శాతం పెరిగేకొద్దీ లాగుడును తట్టుకునే బలం మామూలుగా తగ్గుతుంది. కాబట్టి బరువు మోసే భాగాలకు ఇది పనికిరాదు. నేల పలకలు, గోడ ప్యానెళ్లు, వాహనాల లోపలి భాగాల లాంటివాటికి బాగుంటుంది.

పాలీప్రొపిలీన్‌లో కార్క్ కలిపినంత మాత్రాన అది మట్టిలో కలిసిపోదు. పెట్రోలియం నుంచి వచ్చే ప్లాస్టిక్ వాడకం తగ్గుతుంది, అంతే. మొక్కల నుంచి తయారయ్యే పీఎల్ఏ అనే ప్లాస్టిక్ వాడినా, అది త్వరగా కుళ్లాలంటే పారిశ్రామిక కంపోస్టింగ్‌లో ఉండే వేడి కావాలి. అందుకే 'పర్యావరణహితం' అన్న లేబుల్ కన్నా ముందు ఏ ప్లాస్టిక్ వాడారు, కార్క్ ఎంత శాతం, తయారైన వస్తువు సాంద్రత ఎంత అని అడగాలి. పాలీప్రొపిలీన్ వాడిన వస్తువులో ఆ సాంద్రత 0.9 కంటే తక్కువగా ఉంటే, కొన్ని గదులైనా నలగకుండా మిగిలాయన్నమాట.