థ్రిల్లర్ సినిమా తొలి ఐదు నిమిషాలు: అపోహలు, వాస్తవాలు

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల తీసిన షార్ట్ ఫిల్ములు, చిన్న బడ్జెట్ థ్రిల్లర్లు ఎడిటింగ్‌కి వచ్చినప్పుడు మొదటి సీను చాలావరకు ఒకటే: రాత్రి, వాన, పరిగెత్తే కాళ్లు, ఒక కేక, నల్ల తెర, టైటిల్. తీసినవాళ్లకి గుండె దడదడలాడుతుంది, ఎందుకంటే కథంతా వాళ్లకి తెలుసు. చూసేవాడికి ఆ కాళ్లు ఎవరివో, వెంట పడుతున్నది ఎవరో తెలియదు. వాడు ఫోన్‌లో మెసేజ్‌లు చూసుకుంటాడు. ఈ తంతు వెనకున్న నమ్మకాలు కొన్ని ఇక్కడ.

అపోహ: ప్రేక్షకుడికి ఏమీ చెప్పకుండా దాచితేనే సస్పెన్స్.

వాస్తవం: దాచితే వచ్చేది కుతూహలం, ఆఖర్న ఆశ్చర్యం. సస్పెన్స్ కావాలంటే పాత్రకి తెలియనిది ప్రేక్షకుడికి తెలియాలి. బల్ల కింద బాంబు ఉందని ముందే చూపిస్తే 15 నిమిషాల ఉత్కంఠ, చూపించకుండా పేలిస్తే 15 సెకన్ల ఉలికిపాటు అని సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్ చెప్పిన మాట ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ కంఠతా వచ్చు. షాట్లు రాసేటప్పుడు మాత్రం దాన్ని పక్కన పెట్టేస్తారు. అందుకే మన ఊరి సీను ఒకటి తీసుకుని విప్పి చూద్దాం.

రేణిగుంట జంక్షన్. ప్లాట్‌ఫాం నిండా కొండ దిగి వచ్చిన జనం. ఎటు చూసినా గుండ్లు, గుండ్ల మీద గంధం. కానిస్టేబుల్ ఫోన్‌లో ఒక ఫొటో ఉంది: ఒత్తు జుట్టు, గడ్డం, చీలిన ఎడమ చెవి తమ్మె. అతను రెండు వేళ్లతో ఫొటోని పెద్దది చేసి చెవి దగ్గర ఆపుతాడు. తర్వాతి షాట్‌లో బెంచీ మీద వెనక నుంచి ఒక గుండు, ఇంకా ఆరని గంధం, చీలిన తమ్మె. అంతే. జుట్టూ గడ్డమూ పోయాయి కాబట్టి వాడు ఆ జనంలో కలిసిపోయాడు, చెవి మాత్రం పట్టిస్తుంది. ఆ సంగతి మనకి తెలుసు, కానిస్టేబుల్‌కి ఇంకా తెలియదు.

ఇదే చెవి షాట్‌ని సీను చివరికి తోస్తే అది ట్విస్టు అవుతుంది. అప్పటిదాకా కానిస్టేబుల్ ఊరికే తిరుగుతున్నట్టు ఉంటుంది. షాట్లు అవే, వరస మారిందంతే.

ఈ వరసలో సాధారణంగా తప్పేది ఫొటో దగ్గర. ముఖం తెరమీదికి రాగానే చూసేవాడి కన్ను ముందు కళ్ల మీదికి, తర్వాత పెదాల మీదికి పోతుంది. ఫొటోని ఒక్క సెకను చూపిస్తే చెవి ఎవరికీ ఆనదు. పెద్దది చేసే వేళ్లు ఉండాల్సింది అందుకే. చెవి మీద ఆగాక కనీసం మూడు సెకన్లు, అంటే సెకనుకి 24 చొప్పున 72 ఫ్రేములు ఉంచాలి. బెంచీ షాట్‌లో చెవి తెరమీద ఫొటోలో ఉన్న చోటే, దాదాపు అంతే సైజులో పడాలి. ఫొటోలో కుడిపక్కన ఉన్న చెవి బెంచీ షాట్‌లో ఎడమకి వస్తే కన్ను దాన్ని వెతుక్కునేలోపు కట్ అయిపోతుంది.

ఇక వాడు దొరకాలా, తప్పించుకోవాలా? ఎవరి కోసం భయపడాలో తేల్చకపోతే సమాచారం ఎంత ఇచ్చినా సీను చప్పగానే ఉంటుంది. వాడి ఒళ్లో నాలుగేళ్ల పాప నిద్రపోతూ ఉందనుకోండి, ఆ పాపకీ గుండే. గంధం తన చొక్కాకి అంటుతుందని వాడు పాప తలని మెల్లగా పక్కకి జరుపుతాడు. వాడు చేసిన నేరమేంటో మనకి ఇంకా తెలియదు. అయినా కానిస్టేబుల్ అటు తిరిగినప్పుడల్లా మనకి ఇబ్బందిగా ఉంటుంది.

గంధం, గుండు కంటిన్యుటీ, అంటే షాట్ షాట్‌కీ ఒకేలా కనిపించేలా చూడటం, మేకప్ వాళ్లకి తలనొప్పి. ఎండలో గంధం తొందరగా ఆరి తెల్లబడి బీటలు వేస్తుంది. 'ఇంకా ఆరని గంధం' కథలో క్లూ అయితే ప్రతి టేక్‌కీ తడిపి మళ్లీ రాయాలి, టేక్ ముందు తల మూడు వైపుల నుంచీ ఫొటో తీసుకోవాలి. మర్నాటికే గుండు మీద నల్లటి మొలకలు కనిపిస్తాయి. ఆ నటుడి షాట్లన్నీ ఒకే రోజు పెట్టుకోండి, లేదంటే రోజూ పొద్దున్నే గొరిగించండి.

అపోహ: కట్లు ఎంత వేగంగా పడితే అంత ఉత్కంఠ.

వాస్తవం: వేగం యాక్షన్‌కి. సస్పెన్స్‌కి కావలసింది ఎదురుచూపు, దానికి షాట్ నిలబడాలి. పైన చెప్పిన సీనులో కానిస్టేబుల్ నడకకి మొదట్లో ఒక్కో షాట్‌కి ఏడెనిమిది సెకన్లు ఇవ్వొచ్చు. దగ్గరయ్యేకొద్దీ ఐదు, మూడు, రెండు. ఇక ఏదో జరిగిపోతుందని అందరూ బిగబట్టిన చోట మళ్లీ తగ్గించకూడదు. అక్కడ పది సెకన్ల షాట్ ఒకటి వేయండి: కానిస్టేబుల్ బెంచీ వెనక ఆగి నీళ్ల సీసా మూత తిప్పుతుంటాడు, వాడి చెవి ఫ్రేములోనే ఉంటుంది.

చూపు మీద కట్ చేసేటప్పుడు, అంటే పాత్ర చూపు నుంచి అది చూసేదాని మీదికి వెళ్లేటప్పుడు కూడా తొందర పనికిరాదు. కానిస్టేబుల్ కళ్లు తిరిగిన క్షణంలోనే కట్ చేస్తే అతను చూశాడో లేదో తేలిపోతుంది. కళ్లు తిరిగాక ఎనిమిది, పది ఫ్రేములు ఆగితే ఆ అనుమానం మనలో ఉండిపోతుంది.

అపోహ: సస్పెన్స్ అంతా బీజీఎం (నేపథ్య సంగీతం) చేతిలోనే ఉంది.

వాస్తవం: హాలీవుడ్ దర్శకుడు ఆర్సన్ వెల్స్ తీసిన 'టచ్ ఆఫ్ ఈవిల్' (1958) మొదలయ్యేది కారు డిక్కీలో టైమ్ బాంబు పెట్టడంతో. తర్వాత మూడు నిమిషాలకు పైగా కట్ లేని ఒకే షాట్. స్టూడియో దాని మీద పేర్లు వేసి, సంగీత దర్శకుడు హెన్రీ మాన్సినీ టైటిల్ మ్యూజిక్ పెట్టింది. వెల్స్ కోరింది వేరు: వీధిలోని క్లబ్బుల్లోంచి, కారు రేడియోలోంచి వచ్చే పాటలే వినిపించాలని. ఆయన స్టూడియోకి రాసిన 58 పేజీల లేఖ ఆధారంగా ఎడిటర్ వాల్టర్ మర్చ్ 1998లో సినిమాని తిరిగి కూర్చినప్పుడు పేర్లు తీసేశారు, వీధి చప్పుళ్లు వచ్చాయి. రెండూ పక్కపక్కన చూడండి. రెండో దాంట్లో చెవి కారు రేడియోని వెతుకుతుంది. రేడియో వినబడితే బాంబు దగ్గర్లో ఉన్నట్టే.

రేణిగుంటలో ఆ పని అనౌన్స్‌మెంట్ చేస్తుంది. 'దయచేసి వినండి' అని తెలుగులో మొదలై, హిందీలో, ఇంగ్లీషులో అదే మాట మళ్లీ వస్తుంది. బండి ఏ ప్లాట్‌ఫాంకి వస్తుందో తెలుగులో వినగానే గడువు తెలిసిపోయింది: వాడు బండెక్కేలోపు. మిగతా రెండు భాషలూ నడుస్తున్నంతసేపూ గడియారం చూపించకుండానే టైము గడుస్తోందని తెలుస్తుంది. గడువు లేని సస్పెన్స్ సాగదీత అవుతుంది.

మిక్సింగ్‌లో ఎక్కువమంది చేసే పొరపాటు, 40-60 హెర్ట్జ్‌లో, అంటే బాగా లోతుగా, ఆగకుండా గుమ్మనే శబ్దం (డ్రోన్) ఒకటి పెట్టి ఊరుకోవడం. థియేటర్‌లో అది కుర్చీని కదిలిస్తుంది, ఫోన్ స్పీకర్‌లో అసలు వినిపించదు. యూట్యూబ్‌కి వెళ్లే సినిమా అయితే దానిపైన మధ్యస్థాయి చప్పుడు ఒకటి తోడు పెట్టాలి: ఫ్యాన్ కీచుమనడం, ట్రాలీ చక్రం, ఇనుప గేటు. నిశ్శబ్దం కావాలంటే ట్రాక్ మొత్తం కట్ చేయొద్దు. చూసేవాడు స్పీకర్ పోయిందనుకుంటాడు. ప్రతి లొకేషన్‌లో అందర్నీ కదలకుండా నిలబెట్టి ఒక నిమిషం రూమ్ టోన్ (ఆ చోట ఎవరూ మాట్లాడనప్పుడు ఉండే సన్నటి చప్పుడు) రికార్డు చేసుకుని, నిశ్శబ్దం కింద అది పరవాలి.

అపోహ: చీకటి ఉంటే సగం పని అయినట్టే.

వాస్తవం: చీకట్లో ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా సున్నితత్వం) పెంచి తీసిన ఫుటేజ్‌లో గ్రెయిన్, అంటే ఇసక చల్లినట్టు చుక్కలు, చిమ్ముతుంది, అప్‌లోడ్ అయ్యాక నల్లటి చోట్లన్నీ గళ్లు గళ్లుగా విరుగుతాయి. ఫ్రేములో ఒక్క చోటైనా వెలుగు ఉంటేనే మిగతాది చీకటిగా కనిపిస్తుంది: ట్యూబ్‌లైటు, టీ కొట్టు బల్బు, ఏదైనా సరే. రాత్రి బయట తీసే స్తోమత లేకపోతే, పొద్దు గుంకాక ఆకాశంలో నీలం మిగిలిన 15-20 నిమిషాల్లో, వైట్ బ్యాలెన్స్ (కెమెరాలో రంగుల సర్దుబాటు) 3200 కెల్విన్ పెట్టి, కెమెరాలోకి వచ్చే వెలుగుని ఒకటిన్నర స్టాప్ (ఒక స్టాప్ అంటే సగానికి సగం) తగ్గించి తీసుకోండి. ఆ కాస్త సమయంలో ఒకటి రెండు షాట్లే అవుతాయి, కాబట్టి రిహార్సల్ వెలుగుండగానే అయిపోవాలి.

అపోహ: ముందు హత్య చూపించి, 'మూడు రోజుల క్రితం' అని కార్డు వేస్తే చాలు.

వాస్తవం: చచ్చింది ఎవరో తెలియకపోతే మనకి పట్టదు. హీరో రక్తంతో నిలబడి ఉన్నట్టు చూపించి వెనక్కి వెళ్తే, ఆ మూడు రోజుల్లో అతనికి ఏమీ కాదని మీరే చెప్పేసినట్టు. చాలాసార్లు ఈ కార్డు, అసలు మొదటి సీను నీరసంగా ఉందని ఎడిటింగ్‌లో తెలిశాక వేసిన అతుకే.

అపోహ: విలన్ పరిచయానికి సిగరెట్ పొగ మంచి మూడ్.

వాస్తవం: మన దేశంలో తెరమీద పొగాకు కనిపించినంతసేపూ కింద హెచ్చరిక ఉండాలి. సినిమా మొదట్లోనూ మధ్యలోనూ 30 సెకన్ల ఆరోగ్య ప్రకటన, 20 సెకన్ల డిస్‌క్లెయిమర్ అదనం. మీరు చీకటిగా అమర్చుకున్న ఫ్రేములో అందరి కన్నూ తెల్ల అక్షరాల మీదే పడుతుంది. 2023 సెప్టెంబర్ నుంచి ఓటీటీకీ ఇదే రూలు. విలన్ చేతికి వక్కపలుకు ఇవ్వండి.

అపోహ: అడవో, పాడుబడ్డ కోటో ఉండాలి.

వాస్తవం: తలకోన అడవి, చంద్రగిరి కోట తెరమీద బాగుంటాయి, కాదనం. కానీ అక్కడ ఏదో జరుగుతుందని ప్రేక్షకుడు ముందే సిద్ధపడి కూర్చుంటాడు. పైగా అనుమతులు ఒక పట్టాన తెమలవు. రైల్వే ప్లాట్‌ఫాం మీద షూటింగ్‌కీ అనుమతి తప్పదు. అది దొరక్కపోతే బెంచీ, స్తంభం, పదిహేను మంది గుండ్లు, అనౌన్స్‌మెంట్ శబ్దం చాలు. లాంగ్ షాట్ మాత్రం వదులుకోవాలి.

కట్ అయ్యాక కథ తెలియని ఒకరికి ఐదు నిమిషాలు చూపించి ఆపేయండి. 'బాగుందా' అని అడగొద్దు, అందరూ బాగుందనే అంటారు. ఎవరికి ఏమవుతుందని భయపడ్డావు, ఎప్పటిలోగా అవుతుందనుకున్నావు అని అడగండి. 'ఎవరికి' దగ్గర తడబడితే ఒకటి రెండు షాట్లు మళ్లీ తీయాల్సి రావచ్చు. 'ఏమవుతుంది' దగ్గర తడబడితే ఫొటో, చెవి షాట్లు ఎక్కడ పడ్డాయో చూడండి. 'ఎప్పటిలోగా' ఒక్కటే చెప్పలేకపోతే కెమెరా బయటికి తీయక్కర్లేదు. అనౌన్స్‌మెంట్‌ని సౌండ్ ట్రాక్‌లో ఒక నిమిషం ముందే వచ్చేలా జరిపి మళ్లీ చూపించండి.