రాలిపడ్డ లావా

1996 జూన్ 20న రాజస్థాన్‌లోని పాలీ జిల్లాలో, పిప్లియా కలాన్ అనే ఊరి దగ్గర ఆకాశం నుంచి రాళ్లు పడ్డాయి. అన్నీ కలిపి 42 కిలోల దాకా తూగాయి. గాలిలో దూసుకొచ్చేటప్పుడు పైపొర కరిగి, గాజులా మెరిసే నల్లటి పెంకు కట్టింది. పెంకు విరిగిన చోట లోపల లేత బూడిద రంగు కనిపిస్తుంది. ఆ బూడిద రంగు రాయి ఒకప్పటి లావా. అంగారకుడికీ గురుడికీ మధ్య తిరిగే వెస్టా అనే గ్రహశకలం మీద, 450 కోట్ల ఏళ్లకు ముందే కరిగి, చల్లారి, గట్టిపడిన లావా అని శాస్త్రవేత్తల అంచనా.

నాసా పంపిన డాన్ నౌక 2011 జులై నుంచి 2012 సెప్టెంబరు దాకా వెస్టా చుట్టూ తిరిగి ఫొటోలు తీసింది. వాటిలో అగ్నిపర్వతం ఒక్కటీ లేదు. ఇదిగో ఇక్కడ లావా పారింది అని ఖాయంగా చెప్పగల చోటు కూడా దొరకలేదు. వందల కోట్ల ఏళ్లుగా తగిలిన దెబ్బలకు నేలంతా నుగ్గయి, గుంటల మీద గుంటలు పడి, పాత రూపం చెరిగిపోయింది. ఫొటోల మీదే ఆధారపడి ఉంటే వెస్టా ఒకప్పుడు నిప్పులు కక్కిందని నమ్మడం కష్టమయ్యేది. ఇతర లోకాల అగ్నిపర్వతాల విషయంలో కెమెరా కంటే రాయి మాటకే నేను ఎక్కువ విలువిస్తాను. ఎప్పుడు మండింది, ఎంతకాలం మండింది అన్న ప్రశ్నలకు గట్టి జవాబు రాతిలోనే ఉంటుంది.

ఒక ఉల్కను చూసి ఇది లావా అని ఎలా పోల్చుకుంటారు? వజ్రపు రంపంతో పలుచటి బిళ్ల కోసి, మందం 0.03 మిల్లీమీటర్లకు వచ్చేదాకా అరగదీస్తారు. అంత పలుచన చేస్తే రాయిలోంచి వెలుతురు పోతుంది. మైక్రోస్కోపు కింద చూస్తే ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం సన్నటి పుల్లల్లాంటి స్ఫటికాలుగా అడ్డదిడ్డంగా పడి ఉంటుంది, వాటి సందుల్లో పైరాక్సీన్ అనే మరో ఖనిజం నిండి ఉంటుంది. వికారాబాద్ వైపు కనిపించే దక్కన్ బసాల్ట్ అనే లావా నల్లరాతిని ఇలాగే కోసి చూసినా అల్లిక ఈ తరహాలోనే ఉంటుంది. స్ఫటికాల సైజు ఇంకో కబురు చెబుతుంది. చక్కెర పాకాన్ని నిదానంగా వదిలేస్తే పటికబెల్లంలా పెద్ద పలుకులు కడతాయి, తొందరపెడితే సన్న పలుకే వస్తుంది. లావా కూడా అంతే. పలుకు సన్నగా ఉంటే నేల మీదికొచ్చి చప్పున చల్లారిందని, పెద్దదైతే లోపలే ఉండిపోయి మెల్లగా గడ్డకట్టిందని అర్థం.

1957లో బ్రెజిల్‌లో పడిన ఇబిటీరా ఉల్కలోనైతే బుడగల ఖాళీలే ఉన్నాయి. కరిగిన రాతిలోంచి వాయువు బయటపడబోతుండగానే రాయి గడ్డకట్టింది. ఏదో చిన్న లోకం వదలబోయిన ఊపిరి గుండ్రటి గుంటగా మిగిలి, మనం వేలితో తడమగలిగే రూపంలో ఇక్కడికి చేరిందంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మళ్లీ పిప్లియా కలాన్ దగ్గరికి వద్దాం. వెస్టా అడ్డంగా 525 కిలోమీటర్లే. అంత చిన్న ఒంటికి రాయి కరిగేంత వేడి ఎక్కడిది? అల్యూమినియం-26 అనే రేడియోధార్మిక రూపం ఆ వేడిని ఇచ్చి ఉండొచ్చని 1955లోనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త హెరాల్డ్ యూరీ సూచించాడు. దాని అర్ధాయువు, అంటే ఉన్నదాంట్లో సగం తరిగిపోయే కాలం, దాదాపు 7 లక్షల ఏళ్లు. అది క్షీణించి మెగ్నీషియం-26గా మారుతుంది. అంత త్వరగా ఖర్చయిపోయే పదార్థం ఈనాడు రాతిలో ఉండదు, అది మిగిల్చిన మెగ్నీషియం మాత్రం ఉండాలి.

అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ శాస్త్రవేత్తలు జి. శ్రీనివాసన్, జె.ఎన్. గోస్వామి, ఎన్. భండారీ ఆ జాడనే పిప్లియా కలాన్ రాతిలో వెతికారు. ఫెల్డ్‌స్పార్ పలుకుల్లో అల్యూమినియం బాగా ఉంటుంది, మెగ్నీషియం చాలా తక్కువ. అలాంటి చోట మెగ్నీషియం-26 ఉండాల్సినదానికన్నా ఎక్కువగా ఉందని 1999లో వాళ్లు చూపించారు. అంటే ఆ రాయి గడ్డకట్టేనాటికి అల్యూమినియం-26 ఇంకా పూర్తిగా అయిపోలేదు. సౌరకుటుంబంలో తొలి ఘనపదార్థం ఏర్పడ్డాక సుమారు 50 లక్షల ఏళ్లలోపే ఆ చిన్న శకలం కరగడం, లోపలి పొరలు విడిపోవడం మొదలైపోయాయన్నమాట. భూమి ఇంకా పూర్తిగా తయారు కాలేదు, అప్పటికే అక్కడ లావా. మన దేశంలో పడిన రాయి మీద, మన ప్రయోగశాలలో తేలిన ఈ సంగతి స్కూలు పుస్తకాల్లో ఉండాలని నా కోరిక.

2020లో అల్జీరియాలోని ఎర్గ్ షేష్ ఎడారిలో దొరికిన రాయి ఇంకా పాతది, దాని వయసు 456.5 కోట్ల ఏళ్లు. అందులో వేళ్లతో పట్టుకోగలిగేంత ఆకుపచ్చ పైరాక్సీన్ పలుకులున్నాయి. అది బసాల్ట్ కూడా కాదు, ఆండీస్ పర్వతాల పేరుమీదుగా ఆండెసైట్ అని పిలిచే మరో రకం లావా రాయి. ఇప్పుడు మనకు తెలిసిన గ్రహశకలాల్లో దేనితోనూ దాని కాంతి లక్షణాలు సరిపోలలేదు. అది పుట్టిన లోకం బహుశా నలిగి ఏ గ్రహంలోనో కలిసిపోయి ఉంటుంది.

చంద్రుడి సంగతి ఒక్క మాటలో చెప్పేయొచ్చు. బోట్స్‌వానాలో దొరికిన కలహారీ 009 అనే చంద్రశిల వయసు సుమారు 435 కోట్ల ఏళ్లు. చందమామ మీద మనం చూసే నల్లమచ్చల లావా కంటే చాలా ముందే అక్కడ లావా పారిందని ఆ రాయి రుజువు చేసింది.

చిన్న లోకం తొందరగా చల్లారిపోతుంది. సరిగ్గా ఈ సూత్రమే ఒక పాత చిక్కుముడిని విప్పింది. 1865 ఆగస్టు 25న బీహార్‌లో గయ దగ్గరి షెర్ఘాటీలో సుమారు 5 కిలోల ఉల్క పడింది. దాని పేరుతోనే ఆ జాతి రాళ్లన్నిటినీ షెర్గొట్టైట్లు అంటారు. అవీ లావా రాళ్లే, కానీ వయసు కుదరడం లేదు. షెర్ఘాటీ రాయి గడ్డకట్టి సుమారు 17 కోట్ల ఏళ్లే అయింది. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో అస్థిపంజరంగా నిలబెట్టిన కోటసారస్ తిరిగిన జురాసిక్ యుగమే ఇంచుమించు ఆ రాయి కాలం కూడా. గ్రహశకలాలు చల్లారి అప్పటికి నాలుగు వందల కోట్ల ఏళ్లు దాటింది. అంత ఆలస్యంగా లావా కక్కాలంటే లోపలి వేడిని దాచుకోగల పెద్ద ఒళ్లు కావాలి, అంటే ఏదో గ్రహమే కావాలి.

ఆ గ్రహం ఏదో 1983లో తేలింది. అంటార్కిటికా మంచులో దొరికిన ఒక షెర్గొట్టైట్‌లో నల్లటి గాజు పొట్లాలున్నాయి. ఆ రాయిని దాని గ్రహం నుంచి ఎగరగొట్టిన దెబ్బకు కొంత భాగం కరిగి, అక్కడి గాలిని లోపల బంధించి గాజైపోయింది. డొనాల్డ్ బొగార్డ్, ప్రాట్ జాన్సన్ అనే శాస్త్రవేత్తలు ఆ గాలిని బయటికి తీసి కొలిచారు. 1976లో వైకింగ్ నౌకలు అంగారకుడి మీద దిగి కొలిచిన గాలితో ఆ ఆర్గాన్, క్రిప్టాన్, జీనాన్ లెక్కలు సరిపోయాయి.

ఇక వాళ్ల చేతిలో అంగారకుడి లావా ఉంది. నఖ్లైట్లు అనే మరో జాతి రాళ్లకు 1911లో ఈజిప్టులోని నఖ్లాలో పడిన ఉల్క పేరు పెట్టారు. అవన్నీ సుమారు 1.1 కోట్ల ఏళ్ల కిందట ఒకే దెబ్బకు ఎగిరిన ముక్కలు. వాటి వయసుల్ని విడివిడిగా కొలిస్తే 2017లో తెలిసిందేమిటంటే, ఒకే అగ్నిపర్వతం మీద 140 కోట్ల ఏళ్ల కిందట కనీసం నాలుగు విస్ఫోటాలు, మొదటికీ చివరికీ మధ్య దాదాపు 9 కోట్ల ఏళ్లు. అదే ఏడాది, 11 లక్షల ఏళ్ల కిందట కలిసి ఎగిరిన షెర్గొట్టైట్ల గుంపులో ఒకదాని వయసు 240 కోట్ల ఏళ్లని బయటపడింది. మిగిలినవి 50 కోట్ల ఏళ్లకు అటూ ఇటూ ఉన్నాయి. ఒక్క చోటే రెండు వందల కోట్ల ఏళ్లు ఆగుతూ సాగుతూ లావా వచ్చిందని అర్థం. భూమి మీద ఇది సాధ్యం కాదు. ఇక్కడ పైపొర పలకలుగా విడిపోయి కదులుతుంది, అగ్నిపర్వతం తన కింది వేడి ఊట మీంచి పక్కకు జరిగిపోతుంది. అంగారకుడి పైపొర కదలకుండా ఉండిపోయింది కాబట్టే ఒలింపస్ మాన్స్ అనే అగ్నిపర్వతం 20 కిలోమీటర్ల ఎత్తు దాటి పెరిగింది.

రాళ్లకున్న పెద్ద లోపం చిరునామా లేకపోవడం. ఆ షెర్గొట్టైట్ల గుంపు థార్సిస్ ప్రాంతంలోని టూటింగ్ అనే గుంట నుంచి వచ్చి ఉండొచ్చని 2021లో ఒక బృందం, కంప్యూటర్‌తో అంగారకుడి చిన్న చిన్న గుంటల్ని లెక్కించి ప్రతిపాదించింది. ఇంకా ఖాయం కాలేదు. ఒక నేల మీద ఎన్ని గుంటలున్నాయో లెక్కపెట్టి దాని వయసు అంచనా వేయడమే ఇప్పటిదాకా అంగారకుడి కేలండర్. ఆ లెక్కకు చంద్రుడి నుంచి తెచ్చిన రాళ్లే ఆధారం. నాసా పర్సెవరెన్స్ రోవర్ 2021 సెప్టెంబరులో అంగారకుడి మీది జెజెరో గుంట నేలలోంచి తొలిచి గొట్టంలో భద్రపరచిన రాయి కూడా మాగ్మా, అంటే కరిగిన రాతి నుంచి పుట్టినదే, దాని చిరునామా అడుగుతో సహా తెలుసు. దాన్ని భూమికి తెచ్చి ఇక్కడి ప్రయోగశాలలో పెట్టి వయసు కొలిస్తే, ఆ కేలండర్‌ను మొదటిసారి అంగారకుడి సొంత రాతితోనే సరిచూసుకోవచ్చు.