జాలి బాగానే ఉంది, దోమ ఎట్ల వస్తోంది? కిటికీ, తలుపు జాలీల మీద అపోహలు - వాస్తవాలు

వానలు మొదలయ్యాయంటే హన్మకొండ, కాజీపేట, వరంగల్ నుంచి జాలీలు బిగించే మాకు వచ్చే ఫోన్లలో ఒకటే మాట: "అన్నా, జాలి కొట్టిచ్చినం, అయినా దోమలు ఆగుతలేవు." వెళ్లి చూస్తే చాలా ఇళ్లలో జాలికి ఒక్క చిరుగు కూడా ఉండదు. దోమ వచ్చేది జాలిలోంచి కాదు, జాలి పక్క నుంచి. ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. కానీ కొత్త జాలి కొనడానికి సిద్ధంగా ఉన్న మనిషికి "మీకు జాలి అక్కర్లేదు" అని చెప్పేవాళ్లు తక్కువ. మా చెవిన తరచుగా పడే అపోహలు కొన్ని రాస్తున్నాను.

అపోహ: దోమలు వస్తున్నాయంటే గళ్లు పెద్దవన్నట్టే. ఇంకా సన్న జాలి వేయించాలి.

వాస్తవం: బజారులో మామూలుగా దొరికే ఫైబర్ జాలి 18 బై 16 రకం. అంగుళానికి ఒకవైపు 18, ఇంకోవైపు 16 గళ్లు ఉంటాయి. ఒక్కో గడి ఇంచుమించు 1.2 మిల్లీమీటర్లు. దోమను ఆపడానికి ఇది చాలు. వరి కోతలప్పుడు లైటు చుట్టూ మూగే సన్న పురుగులు కొన్ని దూరతాయి, అది నిజమే. వాటికి మందు ఆ గంటసేపు కిటికీ పక్క లైటు ఆర్పేయడమే. మరీ సన్న జాలి వేస్తే గాలి తగ్గుతుంది, దుమ్ము తొందరగా పట్టేస్తుంది. ఏప్రిల్ వచ్చేసరికి ఉక్క భరించలేక ఆ జాలినే తెరిచిపెట్టి పడుకుంటారు.

ముందు అంచులు చూడండి. రాత్రి గదిలో లైటు వేసి, బయట లైటు ఆర్పి, బయటి నుంచి కిటికీ చుట్టూ చూడండి. పై అంతస్తయితే పగలు గదిని చీకటి చేసి లోపలి నుంచే చూడొచ్చు. ఎక్కడ వెలుగు గీతలా కనబడితే అదే దోమకు దారి. రెండు రూపాయి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత సందు చాలు దానికి.

స్లైడింగ్ కిటికీల్లో ఇంకో తిరకాసు ఉంది. జాలి షట్టరు, అంటే పక్కకు జరిపే జాలి రెక్క, కిటికీలో సగాన్నే కప్పుతుంది. గ్లాసు షట్టర్‌ను పూర్తిగా ఆ చివరకు తోస్తే గ్లాసు అంచు, జాలి అంచు ఒకదాని మీదికి ఒకటి వస్తాయి. "కొంచెం గాలి వస్తే చాలు" అని సగమే తెరిస్తే ఆ రెంటికీ మధ్య పైనుంచి కిందిదాకా నిలువు సందు ఏర్పడుతుంది. జాలి వేసే ఉంటుంది, కిటికీ మాత్రం దోమకు బార్లా తెరిచినట్టే. గ్లాసు తెరిస్తే పూర్తిగా తెరవండి, లేదంటే మూసేయండి. దీనికి పైసా ఖర్చు లేదు. షట్టరు అంచున ఉండే నూగు బ్రష్ అరిగిపోతే అది మాత్రం మార్చాలి. హార్డ్‌వేర్ షాపుల్లో మీటర్ల లెక్కన దొరుకుతుంది.

అపోహ: జాలి చిరిగితే షట్టరు మొత్తం మార్చాల్సిందే.

వాస్తవం: అల్యూమినియం ఫ్రేము వంగకుండా ఉంటే జాలి గుడ్డ ఒక్కటే మార్చుకోవచ్చు, ఇంట్లోనే. షట్టర్‌ను పైకి లేపి కిందివైపు బయటికి లాగితే ట్రాక్‌లోంచి వచ్చేస్తుంది. నేల మీద చదునుగా పెట్టండి. లోపలి అంచు వెంబడి గాడిలో నల్ల రబ్బరు ఉంటుంది, దాన్ని మేం బీడింగ్ అంటాం. ఒక మూల సన్న స్క్రూడ్రైవర్‌తో లేపి లాగితే మొత్తం ఊడి వస్తుంది. గాడిలో మట్టిని పాత టూత్‌బ్రష్‌తో బాగా తీయాలి. తొందరలో చాలామంది వదిలేసేది ఇదే. మట్టి మీద నొక్కిన రబ్బరు కొన్నాళ్లకే పైకి లేస్తుంది. కొత్త జాలిని నాలుగు వైపులా రెండేసి అంగుళాలు ఎక్కువ ఉండేలా కత్తిరించి, గళ్ల వరుస ఫ్రేముతో సమానంగా పోతోందో లేదో చూసుకుని, పొడవు వైపు నుంచి రబ్బరు నొక్కడం మొదలుపెట్టాలి. దీనికి చిన్న చక్రం ఉన్న పరికరం దొరుకుతుంది. నాలుగు వైపులా అయ్యాక కొత్త బ్లేడుతో రబ్బరుకు బయటివైపు మిగులు కోసేయాలి. బ్లేడు మొన లోపలికి తిరిగితే చేసిన పనంతా మళ్లీ మొదటికి వస్తుంది. పాత రబ్బరు వంచితే పగుళ్లు కనబడుతున్నాయా? దాని ముక్క షాపుకు తీసుకెళ్లి అదే లావుది తెచ్చుకోండి.

వేలు పట్టేంత చిరుగుకు ఇంత పని కూడా వద్దు. అదే రకం జాలి ముక్కను చిరుగు కంటే అంగుళం పెద్దగా కోసి, సన్న తంగూసు దారంతో అంచుల వెంబడి కుట్టేయండి. సెలోటేపు అంటిస్తే రెండు ఎండలకు ఊడి, జిగురు మాత్రం మిగులుతుంది.

అపోహ: జాలి డప్పులా బిగుసుకుని ఉండాలి.

వాస్తవం: నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించేది ఇదే. ఇంటాయన పక్కన నిలబడి "ఇంకా గుంజు, ఇంకా గుంజు" అంటాడు. ఎక్కువ గుంజితే సన్న అల్యూమినియం ఫ్రేము నడుము దగ్గర లోపలికి వంగుతుంది. మూలలు తగులుతాయి, మధ్యలో సందు పడుతుంది. చేత్తో ముడతలు లేకుండా సర్దితే చాలు, రబ్బరు గాడిలోకి దిగేటప్పుడు మిగతా బిగువు అదే ఇస్తుంది.

అపోహ: వానల్లో పట్టేసిన చెక్క జాలి తలుపుకు చిత్రిక పట్టిస్తే సరి.

వాస్తవం: చెక్క తేమకు ఉబ్బుతుంది, ఎండకు తగ్గుతుంది. జులైలో చిత్రిక పట్టించిన తలుపు ఏప్రిల్‌కు సందు వదులుతుంది. ముందు బందుల స్క్రూలు బిగించి చూడండి. తలుపు కిందికి జారడం వల్లే చాలాసార్లు పట్టేస్తుంది. అప్పటికీ కదలకపోతే వానలు తగ్గి చెక్క ఆరాక చూసుకోవచ్చు. పాత ఇళ్లలో ప్రతి దర్వాజకూ గడప ఉండేది, తలుపు కింద సందు మాటే లేదు. ఇప్పుడు అపార్టుమెంట్లలో లోపలి గదులకు గడపలు లేవు. బాల్కనీ తలుపుకూ లేకపోతే కింద రబ్బరు పట్టీ వేయించుకోవాలి.

అపోహ: ట్రాక్‌లో ఉన్న రంధ్రాల వల్లే వాన నీళ్లు లోపలికి వస్తున్నాయి. సిలికాన్ పెట్టి మూసేయాలి.

వాస్తవం: ఆ రంధ్రాలు నీళ్లు బయటికి పోవడానికే. వాటికి మట్టి అడ్డుపడితే ట్రాక్ నిండి నీళ్లు గదిలోకి పొర్లుతాయి. సన్న పుల్లతో శుభ్రం చేయండి. వాటిలోంచి పురుగులు వస్తున్నాయనుకుంటే చిన్న జాలి ముక్క అడ్డం పెట్టొచ్చు, సిలికాన్ మాత్రం వద్దు. షట్టరు జరగడం లేదని వంట నూనె పోసేవాళ్లు కూడా ఉన్నారు. దానికి దుమ్ము పట్టి ముద్దయిపోతుంది. ట్రాక్ ఊడ్చి తుడిచి, కొవ్వొత్తి రుద్దితే నున్నగా జరుగుతుంది.

అపోహ: ఎస్‌ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీలు) జాలి అంటే తుప్పు పట్టనే పట్టదు.

వాస్తవం: 304 గ్రేడు బాగా తట్టుకుంటుంది, తక్కువ గ్రేడువి మచ్చలు పడతాయి. బాత్రూం కిటికీలో మాత్రం ఏదైనా జాగ్రత్తే. నేల కడగడానికి పోసే యాసిడ్ ఆవిర్లకు మంచి స్టీలు కూడా పాడవుతుంది. అక్కడ ఫైబర్ వేసుకోండి. ఎలుకల బెడద ఉన్న వంటింటికి ఎస్‌ఎస్ పెట్టండి, ఫైబర్‌ను అవి కొరికేస్తాయి. కడగడానికి ముందు మెత్తని బ్రష్‌తో పొడి దుమ్ము దులిపి, తర్వాత సబ్బునీళ్లు. పొడి దుమ్ము మీద నీళ్లు కొడితే గళ్లలో బురద గడ్డకడుతుంది.

అపోహ: సాయంత్రం ఆరింటికి జాలి వేస్తే చాలు.

వాస్తవం: రాత్రి దోమలకు ఆ లెక్క సరిపోతుంది. డెంగీ దోమ పగటిపూట కుడుతుంది, పొద్దున్నే, మళ్లీ చీకటి పడేముందు ఎక్కువ. జాలి రోజంతా వేసి ఉండాలి. కూలర్ తొట్టిలో, కుండీల కింద పళ్లెంలో నీళ్లు వారానికి ఒకసారైనా పారబోసి తుడవకపోతే దోమ ఇంట్లోనే పుడుతుంది. అప్పుడు జాలి దాన్ని బయటికి పోనివ్వదు.

అపోహ: అద్దె ఇంటికి వెల్క్రో జాలి దండగ, నిలవదు.

వాస్తవం: సున్నం రాలే గోడకు అంటిస్తే నిలవదు. కిటికీ చౌకట్టును స్పిరిట్‌తో తుడిచి, ఆరాక పట్టీ నొక్కి, ఒక రోజు ఆగి జాలి తగిలిస్తే బాగానే పట్టుకుంటుంది. పడమటి ఎండ నేరుగా పడే కిటికీలో జిగురు మెత్తబడుతుంది, అక్కడ ఏటా పట్టీ మార్చాల్సి రావొచ్చు.

అపోహ: గట్టి జాలి వేయిస్తే కోతులు రావు.

వాస్తవం: ఫైబర్ జాలిని కోతి ఒక్క గుంజుకు చింపేస్తుంది. ఎస్‌ఎస్ అయితే చిరగకపోవచ్చు, ఫ్రేముతో సహా ఊడొస్తుంది. కోతికి అడ్డు ఇనుప గ్రిల్, దాని లోపల జాలి. గ్రిల్ లేని వంటింటి కిటికీకి, అందులోనూ అరటిపండ్లు కిటికీ దగ్గరే పెట్టే ఇంటికి, నేను జాలి వేస్తాను కానీ గ్యారంటీ రాసివ్వను.