ఐదు పుట్ల వడ్లలో ఒక్క గింజ

లాటరీ మాటెత్తితే మన నెల్లూరు, ఒంగోలు వైపు ముందు జాతకం వస్తుంది, తర్వాత లక్కీ నంబరు వస్తుంది, లెక్క మాత్రం ఎవరూ ఎత్తరు. నేను లెక్కతోనే మొదలుపెడతాను.

అమెరికాలో పవర్‌బాల్ అని ఒకటుంది. 69 బంతుల్లోంచి 5, ఇంకో డ్రమ్ములో ఉన్న 26లోంచి 1 తీస్తారు. ఇవన్నీ కలిస్తే 29 కోట్ల 22 లక్షల రకాలు వస్తాయి, జాక్‌పాట్ వాటిలో ఒక్కదానికే. వెయ్యి సన్న వడ్ల గింజలు సుమారు 15 గ్రాములు తూగుతాయి, మన డెల్టాలో పుట్టి అంటే 850 కిలోలు, ఆ లెక్కన అన్ని గింజలు కావాలంటే ఐదు పుట్లు దాటుతుంది. ఆ వడ్లన్నీ కళ్లంలో రాశి పోసి, ఎక్కడో ఒక్క గింజకు ఎర్ర చుక్క పెట్టి, కళ్లకు గంతలు కట్టుకొని ఒక్కటి తీయమంటే ఎంతో, రెండు డాలర్ల టికెట్‌తో జాక్‌పాట్ కొట్టడం అంత. పది టికెట్లు కొన్నా పది గింజలు తీసినట్టే.

ఆ రెండు డాలర్లలో సగమే బహుమతులకు పోతుంది. మిగతాది రాష్ట్రాల ఖజానాకు, అమ్మినవాళ్ల కమిషన్‌కు, ఖర్చులకు. స్పెయిన్ వాళ్లు కాస్త నయం, 1812 నుంచి నడుస్తున్న క్రిస్మస్ లాటరీలో 70 శాతం వెనక్కి ఇస్తారు. డిసెంబరు 22న బడిపిల్లలు నంబర్లు పాడుతుంటే జనం టీవీలకు అతుక్కుపోతారు. అయినా కొన్నవాళ్లందరినీ కలిపి చూస్తే వందకు ముప్పై పోయినట్టే. పోయిన డబ్బు ఎవరికి చేరింది, డ్రా నిజాయితీగా తీశారా, చట్టాలు ముఖ్యంగా కాపలా కాసేది ఈ రెంటికే. మన అవకాశాన్ని పెంచే చట్టం ఎక్కడా లేదు.

ఆ కాపలా ఎందుకంటారా? అమెరికాలో ఎడ్డీ టిప్టన్ అనే ఆయన లాటరీల సంఘంలో కంప్యూటర్ భద్రత చూసే ఉద్యోగి. నంబర్లు తీసే ప్రోగ్రాంలోనే తన కోడ్ దూర్చి, కొన్ని తేదీల్లో ఏ నంబర్లు రావచ్చో ముందే ఊహించగలిగేలా చేసుకున్నాడు. 2010 డిసెంబరులో అయోవాలో టికెట్ కొంటూ కెమెరాలో పడ్డాడు, చివరికి 2017లో 25 ఏళ్ల దాకా జైలు శిక్ష పడింది. కంచే చేను మేయడం అంటే ఇదే.

మన దేశంలో 1998 నాటి లాటరీల చట్టం ఉంది. దాని ప్రకారం లాటరీ రాష్ట్ర ప్రభుత్వమే నడపాలి, డ్రా ఆ రాష్ట్రంలోనే తీయాలి, డబ్బు ప్రభుత్వ ఖాతాలో పడాలి, ఒక లాటరీకి వారంలో ఒకటికి మించి డ్రాలు ఉండకూడదు. ఇంకోటి, ఒక్క అంకె మీద బహుమతి పెట్టకూడదు. నాకు బాగా నచ్చింది ఇదే. పదిలో ఒక్కటి కాబట్టి అప్పుడప్పుడూ తగులుతుంది, తగిలినవాడు మళ్లీ కాస్తాడు, అలవాటు అక్కడే పట్టుకుంటుంది.

పక్క రాష్ట్రం టికెట్లు మా దగ్గర అమ్మొద్దు అనే అధికారం కూడా రాష్ట్రాలకు ఉంది. అందుకే కేరళ 1967 నుంచి దర్జాగా నడుపుతుంటే తమిళనాడు 2003లో ఆపేసింది, మన ఆంధ్రాలోనూ నిషేధమే. గెలిచినా 30 శాతం పన్ను, పైన సెస్సు. బ్రిటన్‌లో గెలుచుకున్న సొమ్ము మీద పన్నే లేదు. లాస్ వెగాస్ ఉన్న నెవాడాలో విచిత్రంగా అసలు లాటరీయే లేదు, కాసినోల వాళ్లు దాన్ని రానివ్వరు!

నిషేధం ఉన్నచోట ఆట ఆగదు, రూపం మారుస్తుంది. వాట్సాప్‌లో "కేరళ లాటరీ ఆన్‌లైన్" అని మెసేజ్ వస్తే అది మోసమే, కేరళ అమ్మేది కాగితం టికెట్లు మాత్రమే. మూడు నంబర్ల ఆట ఇంకా తెలివైంది. కేరళ డ్రాలో వచ్చిన నంబరులో చివరి మూడు అంకెల మీద పందెం కాయిస్తారు. డ్రా కేరళ ప్రభుత్వానిది కాబట్టి నంబరు మీద అనుమానం రాదు, కానీ డబ్బు చేతులు మారేది బీట్ రాసేవాడి దగ్గర, అంటే పందేలు కట్టించుకునే వాడి దగ్గర. గెలిచే అవకాశం వెయ్యిలో ఒకటి. వాడు రూపాయికి 500 ఇస్తానన్నాడనుకోండి, సగం వాడి జేబులోకే. పదిమంది ఒకే నంబరు కాసి అదే తగిలితే వాడి ఫోను స్విచాఫ్, స్టేషన్‌కు వెళ్దామా అంటే ఆడినందుకు మన మీదా కేసే.