ఇంగ్లీషు వస్తే స్పానిష్ సగం వచ్చినట్టేనా? అపోహలు - వాస్తవాలు

కొత్తగా స్పానిష్ నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకి మొదటి రోజే నేను ‘అనిమాల్’, ‘ఒస్పితాల్’, ‘పొసీబ్లె’, ‘ఫమోసో’ లాంటి మాటలు బోర్డు మీద రాసి అర్థం చెప్పమంటాను. ఒక్క పాఠమైనా వినకముందే అందరూ చెప్పేస్తారు. కొత్త భాష అంటే ఉండే బెరుకు అక్కడితో చాలావరకు పోతుంది. కానీ ఆ ఉత్సాహంలోనే కొన్ని తప్పుడు నమ్మకాలు కూడా పాతుకుపోతాయి. ఏళ్ళ తరబడి పాఠాలు చెబుతూ నేను ఎక్కువగా విన్నవి ఇవి.

అపోహ: ఈ మాటలన్నీ స్పానిష్ వాళ్ళు ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్నవే.

ఈమధ్య వచ్చిన కొన్నిటి సంగతి సరే, మిగతావి అలా వచ్చినవి కావు. స్పానిష్ లాటిన్ నుంచి పుట్టిన భాష. ఇంగ్లీషుకి జర్మన్, డచ్ భాషలు దగ్గరి చుట్టాలు. 1066లో నార్మన్లు ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇంగ్లండును గెలిచాక రాజుగారి కొలువులో, న్యాయస్థానాల్లో ఫ్రెంచి చెలామణీ అయింది. ఫ్రెంచి కూడా లాటిన్ బిడ్డే. అలా ఫ్రెంచి ద్వారా కొన్ని, తర్వాత పండితులు నేరుగా లాటిన్ పుస్తకాల నుంచి తెచ్చుకున్నవి కొన్ని, వేల మాటలు ఇంగ్లీషులో చేరాయి.

తెలుగువాళ్ళకి ఇది కొత్త సంగతేమీ కాదు. హిందీ మాత్రమే తెలిసిన మనిషి తెలుగులో ‘విశ్వవిద్యాలయం’, ‘ప్రధానమంత్రి’ వింటే గుర్తుపడతాడు. ‘ఇల్లు’, ‘నీళ్ళు’, ‘చెయ్యి’, ‘పడుకో’ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాడు. సంస్కృతం నుంచి వచ్చిన పెద్ద మాటలు రెండు భాషల్లోనూ ఉన్నాయి, ఇంటి మాటలు మాత్రం ఎవరివి వాళ్ళవే. ఇంగ్లీషు తెలిసి స్పానిష్‌లోకి వెళ్ళేవాళ్ళ పరిస్థితి అచ్చం ఇంతే.

అపోహ: ఇన్ని పోలికలు ఉన్నాయి కాబట్టి రోజువారీ మాటలు వాటంతటవే వచ్చేస్తాయి.

రావు. ‘ఎదుకసియోన్’, ‘ఉనివెర్సిదాద్’ వార్తలు చదవడానికి పనికొస్తాయి. నిద్రపోవడాన్ని ‘దొర్మీర్’ అనీ, అమ్మడాన్ని ‘వెందేర్’ అనీ, చేతిని ‘మానో’ అనీ, పన్నుని ‘దియెంతె’ అనీ అంటారు. స్లీప్, సెల్, హ్యాండ్, టూత్ తెలిసినంత మాత్రాన వీటిలో ఒక్కటీ తట్టదు. అలాంటప్పుడు ఇంగ్లీషులో అదే విషయానికి సంబంధించిన పెద్ద మాట ఏమైనా ఉందేమో వెతకమంటాను. డార్మిటరీలో దొర్మీర్ ఉంది. వెండింగ్ మెషీన్‌లో వెందేర్, మాన్యువల్‌లో మానో, డెంటిస్ట్‌లో దియెంతె ఉన్నాయి. సోలార్‌లో ఉన్న ‘సోల్’ అంటే సూర్యుడు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం దీని తర్వాతది. లాటిన్‌లో మాట మొదట ఉన్న ‘ఫ’ చాలా స్పానిష్ మాటల్లో అరిగిపోయింది. దాని చోట రాతలో ‘హెచ్’ అక్షరం మిగిలింది కానీ దాన్ని పలకరు. పొగని ‘ఊమో’ అంటారు, అది ఫ్యూమ్‌కి చుట్టం. దారం ‘ఈలో’, బల్బులోని ఫిలమెంట్‌కి చుట్టం. ఓవెన్ ‘ఓర్నో’, ఫర్నేస్‌కి చుట్టం. అలాగే నొక్కి పలికే ‘ఒ’ చాలాచోట్ల ‘వె’గా మారింది. పోర్ట్ ‘ప్వెర్తో’ అయింది, ఫోర్ట్‌లోని బలం ‘ఫ్వెర్తె’ అయింది. ఈ రెండు మార్పులూ పట్టుబడినవాళ్ళు కొత్త మాట కనబడితే బట్టీ పట్టరు, దాని చుట్టాన్ని వెతుక్కుంటారు.

అపోహ: ఇంగ్లీషు మాట చివర ‘ఓ’ తగిలిస్తే స్పానిష్ అయిపోతుంది.

దీన్ని మొదట్లోనే మానుకోవాలి. ముగింపులు జతలుగా మారతాయి. ఇంగ్లీషు ‘షన్’ ఇక్కడ ‘సియోన్’, ‘టీ’ ఎక్కువగా ‘దాద్’, ‘అస్’ చాలాసార్లు ‘ఓసో’, ‘లీ’ సాధారణంగా ‘మెంతె’. ‘సియోన్’, ‘దాద్’ ముగింపు మాటలు స్త్రీలింగం, కాబట్టి ‘లా నసియోన్’ అని ముందు ‘లా’ కలిపే నేర్చుకోండి. ‘ప్రొబ్లేమా’, ‘సిస్తేమా’ చివర ‘ఆ’ ఉన్నా పుంలింగమే.

అపోహ: ఒకేలా ఉంటే అర్థమూ ఒకటే.

నా విద్యార్థి ఒకరు ఆఫీసు మెయిల్‌లో ‘నిజానికి ఆ ఫైల్ మా దగ్గర లేదు’ అని చెప్పాలనుకున్నారు. యాక్చువల్లీకి ‘అక్తువాల్మెంతె’ అని రాశారు. ఆ మాటకి ‘ప్రస్తుతం’ అని అర్థం. ‘ఇప్పటికి లేదు’ అంటున్నారు కాబట్టి త్వరలో పంపుతారనుకుని అవతలివాళ్ళు కొన్ని రోజులు ఎదురుచూశారు. ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ‘ఎక్సితో’ అంటే విజయం, బయటికి వెళ్ళే దారి ‘సలీదా’. ‘కర్పేతా’ కాగితాలు పెట్టుకునే ఫోల్డర్. ‘లిబ్రెరీయా’ పుస్తకాల షాపు. ‘ఎంబరసాదా’ అంటే గర్భవతి, సిగ్గుపడిన ఆవిడ కాదు.

అలాగని ఏ పోలికనీ నమ్మొద్దనేవాళ్ళతోనూ నేను ఏకీభవించను. నిజమైన చుట్టాలతో పోలిస్తే ఈ మోసపు జంటలు తక్కువ. చదివేటప్పుడు ధైర్యంగా ఊహించండి. రాసేముందు మాత్రం నిఘంటువు తెరవండి.

అపోహ: చూసి గుర్తుపట్టామంటే మాట వచ్చినట్టే.

కంటికి వచ్చింది, చెవికీ నోటికీ ఇంకా రాలేదు. ఇంగ్లీషులో యానిమల్, హాస్పిటల్ మాటల్ని మొదట్లో నొక్కుతాం. స్పానిష్‌లో బరువంతా చివర పడుతుంది. అచ్చుతో గానీ ‘న్’, ‘స్’లతో గానీ ముగిసే మాటల్లో చివరి నుంచి రెండో అక్షరాన్ని, మిగతావాటిలో చివరిదాన్ని నొక్కుతారు. అలా కాకపోతే పైన గీత పెట్టి చూపిస్తారు. ఇది తెలియనివాళ్ళు పేజీ మొత్తం చదివి అర్థం చేసుకోగలిగినా అదే పేజీని ఎవరైనా చదివి వినిపిస్తే తెల్లమొహం వేస్తారు.

ఈ విషయంలో తెలుగువాళ్ళు అదృష్టవంతులు. స్పానిష్‌లో ‘ట’, ‘డ’ లేవు, ఉన్నవి ‘త’, ‘ద’లే. ఇంగ్లీషు వాళ్ళు వాటికోసం నాలుకతో కుస్తీ పడతారు, మనకి పుట్టుకతోనే ఉన్నాయి. మాట మొదట్లో ‘ఎస్’ తర్వాత హల్లు వస్తే స్పానిష్ వాళ్ళు ముందు ‘ఎ’ చేరుస్తారు: ‘ఎస్క్వేలా’, ‘ఎస్తుదియాంతె’. మనం ఇస్కూలు అన్నట్టే.

అపోహ: ఇంగ్లీషు గట్టిగా రానివాళ్ళకి స్పానిష్ అందదు.

ఈ మాట విని వెనక్కి వెళ్ళిపోయినవాళ్ళు ఉన్నారు, నాకు చాలా బాధ కలిగించేది ఇదే. పోలికలు వెతకడానికి ఇంగ్లీషు ఒక్కటే ఆధారం కాదు. పోర్చుగీసు వాళ్ళ ద్వారా తెలుగులోకి వచ్చిన మేస్త్రి, పాదిరి స్పానిష్‌లో ‘మాయెస్త్రో’, ‘పాద్రె’లకి చుట్టాలు. సంస్కృత శర్కర పర్షియన్, అరబిక్ మీదుగా స్పెయిన్ చేరి ‘అసూకర్’ అయింది, మన దగ్గర చక్కెర అయింది. నారింజ ఇంగ్లీషుకి చేరేలోపు మొదటి ‘న’ రాల్చుకుని ఆరెంజ్ అయింది. స్పానిష్‌లో అది ఇప్పటికీ ‘నరాంహా’.