మీటర్లు మాయమైతే ముందు వైర్లు చూడండి

జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీకి వెళ్లినప్పుడు అక్కడి ఆపరేటర్ సమస్య ఇలా చెప్పాడు: "సార్, పొద్దున 12 మీటర్లూ బాగానే కనిపిస్తాయి, పెద్ద మోటారు ఆన్ చేయగానే నాలుగైదు మాయమైపోతాయి." కరెంటు వాడకం లెక్కపెట్టే ఎనర్జీ మీటర్లవి. కంట్రోల్ రూమ్‌లోని కంప్యూటర్ ఒక్కోదాన్నీ అడిగి రీడింగ్ తెచ్చుకుంటుంది. అప్పటికే సాఫ్ట్‌వేర్ రెండుసార్లు తీసేసి మళ్లీ వేశారట, వైర్ల జోలికి మాత్రం ఎవరూ వెళ్లలేదు.

ఎందుకు వెళ్లరో నాకు తెలుసు. ఈ మీటర్ల భాష మోడ్‌బస్, 1979లో మోడికాన్ అనే కంపెనీ తయారుచేసింది. బళ్లో హాజరు వేసినట్టే ఉంటుంది: ప్రతి మీటరుకూ 1 నుంచి 247 లోపు ఒక నంబరు, మాస్టర్ (ఇక్కడ కంట్రోల్ రూమ్ కంప్యూటర్) ఎవరి నంబరు పిలిస్తే వాళ్లే పలకాలి, మిగతావాళ్లు నోరు మెదపకూడదు. పంపే ప్రతి సందేశం చివర సీఆర్‌సీ అని రెండు బైట్ల లెక్క ఉంటుంది, దారిలో ఒక్క బిట్ చెడినా ఆ లెక్క కుదరదు, కుదరకపోతే మీటరు "నాకు సరిగ్గా వినపడలేదు" అని కూడా అనదు, ఊరుకుంటుంది. అందుకే వైర్లో దోషం ఉన్నా స్క్రీన్ మీద కనిపించేది "టైమ్ అవుట్" ఒక్కటే, అది చూసిన వాళ్లు సాఫ్ట్‌వేర్‌ను అనుమానిస్తారు.

ఆ సందేశం నడిచే దారి ఆర్ఎస్-485, 1983లో వచ్చిన ప్రమాణం. ఎ, బి అని రెండు వైర్లు, ఒకటి పైకి వెళ్తే రెండోది కిందికి వెళ్తుంది, వినేవాడు చూసేది వాటి మధ్య తేడానే, 0.2 వోల్టుల తేడా ఉన్నా చాలు. సిటీ బస్సులో పక్కపక్కన నిలబడ్డ ఇద్దర్ని ఊహించుకోండి: బస్సు గుంతలో పడితే ఇద్దరూ ఒకేలా ఎగిరిపడతారు, ఎవరు ఎంత పొడవన్నది మాత్రం మారదు. వైర్లను పురిపెట్టి పేనేది ఇందుకే, మోటారును నడిపే డ్రైవ్ నుంచి వచ్చే విద్యుత్ గోల రెండింటి మీదా సమానంగా పడాలని. ఈ ఉపాయం నాకు ఎప్పటికీ అబ్బురంగానే ఉంటుంది, దీనివల్లే తక్కువ వేగంలో 1200 మీటర్ల దూరం వరకు సందేశం చేరుతుంది.

అయితే వైరు చివరికి చేరిన సిగ్నల్ గోడకు కొట్టిన బంతిలా వెనక్కి వస్తుంది. దాన్ని మింగేయడానికి రెండు కొసల్లో చెరొక 120 ఓమ్‌ల రెసిస్టర్ పెడతారు, మధ్యలో ఎక్కడా పెట్టకూడదు. పవర్ ఆపి ఎ, బి మధ్య మల్టీమీటర్ పెడితే దాదాపు 60 ఓమ్‌లు రావాలి, ఎందుకంటే ఇలా పక్కపక్కన కలిపిన రెసిస్టర్లు ఎన్ని ఉంటే 120 అన్నో వంతుకు తగ్గుతుంది. 120 వస్తే ఒక కొసలో రెసిస్టర్ లేదన్నమాట, 40 వస్తే ఎవరో మూడోది పెట్టారన్నమాట.

మాకు 10 వచ్చింది.

ఒక్కో మీటరూ తెరిచి చూశాం. లోపల ఆ రెసిస్టర్‌కు చిన్న స్విచ్ ఉంటుంది, మంచిదే కదా అని మొత్తం 12 మీటర్లలోనూ ఆన్ చేసి పెట్టారు. అంత భారం మీద పడితే వోల్టేజీ తేడా బాగా కుంగిపోతుంది, ఏ గోలా లేనప్పుడు ఎలాగో నెట్టుకొస్తుంది, మోటారు తిరగగానే చేతులెత్తేస్తుంది.

ఇంకో మాట, ట్రూప్ బజార్‌లో వైరు కొనేటప్పుడు షీల్డ్ (చుట్టూ లోహపు తొడుగు) ఉన్న ట్విస్టెడ్ పెయిర్, అంటే పురిపెట్టిన జత, 120 ఓమ్‌లది అని అడిగి తీసుకోండి, మామూలు రెండు కోర్ల వైరుతో సరిపెట్టుకోకండి. ఒక మీటరు నుంచి పక్క మీటరుకు దండ గుచ్చినట్టు లాగండి, ఒకేచోటి నుంచి నాలుగు వైపులకూ చీల్చకండి. పవర్ కేబుల్ ఉన్న ట్రేలో వేయకండి, షీల్డ్‌ను ఒక్క చివరే ఎర్త్ చేయండి. ఎ, బి పేర్లు ఒక్కో కంపెనీ ఒక్కోలా రాస్తుంది, కొత్త మీటరు పలకకపోతే ఆ రెండూ తిప్పి చూడండి, దానికేమీ కాదు.

రెండు కొసలవి వదిలి మిగతా పది స్విచ్‌లూ ఆఫ్ చేశాం, మల్టీమీటర్ 60 చూపించింది. పెద్ద మోటారు ఆన్ చేశాం, 12 మీటర్లూ పలికాయి. ఆపరేటర్ ఆ 60ని తేదీ వేసి ప్యానెల్ తలుపు లోపలివైపు మార్కర్‌తో రాసుకున్నాడు.