పెరటి తోట – ఆకలి: అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో ఉంటూ సొంతూరికి ఏదైనా చేయాలనుకునేవాళ్లు చాలామంది ముందుగా పేద కుటుంబాలకు విత్తన పొట్లాలు పంచుతారు. మంచి పనే. అయినా చాలా ఇళ్లలో మూడో నెలకల్లా పెరడు ఎండిపోతోంది. లోపం ఆ కుటుంబాలది కాదు, మన లెక్కలది.

అపోహ: పెరట్లో పండిస్తే ఇంటిల్లిపాదికీ కడుపు నిండుతుంది.

కడుపు నింపేది బియ్యం. తెలంగాణలో రేషన్ మీద మనిషికి నెలకు 6 కిలోలు, అంటే రోజుకు 200 గ్రాములు వస్తున్నాయి. లేనిదల్లా అన్నంలోకి కూర. కారం మెతుకులు తిన్న పిల్లాడికి కడుపు నిండినట్టే ఉంటుంది, ఒంట్లో రక్తం మాత్రం ఉండదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 6 నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి, 15-49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. పెరడు వేయాల్సింది ఈ ఆకలి కోసం.

అపోహ: విత్తనాలు ఇస్తే చాలు, మిగతాది వాళ్లే చూసుకుంటారు.

ఎక్కువ తోటలు ఇక్కడే దెబ్బతింటాయి. పొట్లం చేతికి రాగానే మొత్తం ఒకేరోజు చల్లేస్తారు. నెల తిరిగేసరికి తినలేనంత ఆకు ఒక్కసారే వస్తుంది, సగం ముదిరి పూతకొస్తుంది, ఆ తర్వాత మడి ఖాళీ.

ఐదుగురున్న ఇంటికి మనిషికి 100 గ్రాముల చొప్పున రోజుకు అర కిలో ఆకుకూర కావాలి. దానికి మీటరు వెడల్పు, మూడు మీటర్ల పొడవుతో నాలుగు మళ్లు సరిపోతాయి. వారానికొక మడి విత్తాలి. తోటకూర 25-30 రోజుల్లో కోతకొస్తుంది. చదరపు మీటరుకు కిలో, కిలోన్నర చొప్పున ఒక మడి ఆ వారానికి సరిపోతుంది. కోసిన మడిని ఎరువేసి మళ్లీ విత్తాలి. ఒక విడత తోటకూర, ఒక విడత పుంటికూర, ఒక విడత పాలకూర అని మారుస్తూ పోవాలి.

చదరపు మీటరుకు రెండు మూడు కిలోల బాగా చివికిన పశువుల ఎరువు కలపాలి. పచ్చి పేడ వేస్తే చెదలు పడతాయి. తోటకూర విత్తనం సన్నం కాబట్టి పదింతల ఇసుకలో కలిపి చల్లి, పైన పల్చగా మట్టి కప్పాలి. లోతుగా పడితే మొలవదు. బిందెతో గుమ్మరిస్తే విత్తనమంతా ఒక మూలకు కొట్టుకుపోతుంది, చేత్తో చిలకరించాలి.

పొట్లంలో క్యాబేజీ, క్యాలీఫ్లవర్ పెట్టకండి. పురుగు ఎక్కువ, కాలం ఎక్కువ, ఒక్కసారి కోస్తే అయిపోతుంది. వాటి బదులు చిక్కుడు, ఆనప, బీర, మునగ, బచ్చలి ఇవ్వండి. హైబ్రిడ్ కాకుండా నాటు విత్తనమైతే మరుసటి ఏడాదికి ఇంట్లోనే దాచుకోవచ్చు. పొట్లంతో పాటు కంచె సంగతి కూడా అడగాలి. తుమ్మకంపైనా లేని మడిని కోళ్లు ఒక్క పూటలో గీకేస్తాయి.

అపోహ: నీళ్లు లేని ఊళ్లో పెరడు సాగదు.

ఎండాకాలంలో చదరపు మీటరుకు రోజుకు సుమారు 5 లీటర్లు కావాలి. నాలుగు మళ్లకు 60 లీటర్లు, అంటే 15 లీటర్ల బిందెలు నాలుగు. ఆ బిందెలు మోసేది ఇంట్లో ఆడవాళ్లే. ఈ లెక్క చూడకుండా "రోజూ నీళ్లు పోయండి" అనడం అన్యాయం. మార్చి నుంచి జూన్ తొలకరి దాకా ఒక్క మడి చాలు, దానికీ ఎండుగడ్డి కప్పాలి. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు ఈ మడికి పోయొచ్చు. స్నానం నీళ్లు అరటి, బొప్పాయి పాదులకు మళ్లించాలి. సబ్బు నీళ్లు ఆకుకూరల మీద పోయకూడదు. ఆ నెలల్లో ఇంటిని ఆదుకునేది మునగాకు. వానాకాలంలోనే గింజ నాటి, మూడడుగుల ఎత్తులో తల తుంచితే కొమ్మలు చేతికందేలా గుబురుగా వస్తాయి.

అపోహ: పాలకూర తింటే రక్తం పడుతుంది.

ఆకుల్లోని ఇనుము ఒంటికి పట్టేది కొంతే, పాలకూరలోని కొన్ని పదార్థాలు దాన్ని ఇంకా తగ్గిస్తాయి. కూరలో నిమ్మరసం పిండుకుంటే ఎక్కువ పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే తగ్గుతుంది. ఆకు కడిగాకే తరగాలి. గర్భిణులు ఐరన్ మాత్రలు మానకూడదు. ఆకుకూర వాటికి బదులు కాదు.

అపోహ: కోడిపిల్లలు ఇస్తే గుడ్లు వాటంతటవే వస్తాయి.

రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి వనరాజా, గ్రామప్రియ రకాలు రూపొందించింది. గుడ్ల కోసమైతే గ్రామప్రియ మేలు. కానీ ఒక్కరోజు పిల్లల్ని పంచితే చలికి, పిల్లులకు, గద్దలకు పోతాయి. ఆరు వారాలు ఒకేచోట వెచ్చగా పెంచి, కొక్కెర రోగం రాకుండా మొదటి వారంలో లసోటా టీకా, ఎనిమిదో వారం ప్రాంతంలో ఆర్2బీ టీకా వేయించాలి. లేకపోతే ఒక్క కొక్కెర రోగానికి ఊరి కోళ్లన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఇంటికి నాలుగైదు పెట్టలు చాలు. అంతకు మించితే పెరటి మేత సరిపోక నూకలు కొనాల్సి వస్తుంది.